వడ్ల కుప్పల నడుమ ఒక హాకీ నేల: తెలంగాణ స్పోర్ట్స్ అథారిటీకి బహిరంగ లేఖ

తెలంగాణ స్పోర్ట్స్ అథారిటీ అధ్యక్షులకు, మేనేజింగ్ డైరెక్టర్ గారికి, నల్గొండ జిల్లా యువజన, క్రీడల శాఖ అధికారి గారికి నమస్కారాలు.

నేను దేవరకొండ ప్రాంతంలోని ఒక బాలికల పాఠశాలలో వ్యాయామ ఉపాధ్యాయినిని. పదహారేళ్లుగా పిల్లలకు ఖోఖో, కబడ్డీ, పరుగు నేర్పుతున్నాను. మిమ్మల్ని అడగదలచినది ముందే చెబుతాను. నల్గొండ జిల్లా కేంద్రంలో పైకప్పు ఉన్న ఒక నున్నటి కాంక్రీటు నేల కావాలి, దాని చుట్టూ పలకల అడ్డు ఉండాలి, వారంలో కొన్ని గంటలు అది ఆడపిల్లలకు మాత్రమే కేటాయించాలి. ఆ నేల మీద చక్రాల స్కేట్లతో హాకీ నేర్చుకున్న పిల్లల్లో కొందరిని ప్రతి చలికాలం లద్దాఖ్‌లోని లేహ్‌కో, హిమాచల్‌లోని కాజాకో పంపి మంచు మీద ఆడించాలి. ఎండాకాలంలో 45 డిగ్రీలు దాటే నల్గొండకు ఐస్ హాకీ ఏమిటని మీకు అనిపించవచ్చు. ఈ జూన్ దాకా నాకూ అలాగే అనిపించేది.

2025 మే 31 నుంచి జూన్ 6 వరకు యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్‌లోని అల్ ఐన్ నగరంలో అంతర్జాతీయ ఐస్ హాకీ సమాఖ్య మహిళల ఆసియా కప్ జరిగింది. అందులో భారత మహిళల జట్టు కాంస్యం గెలిచింది. అంతర్జాతీయ పోటీల్లో ఆ జట్టుకు అదే తొలి పతకం. మా ఇంటికి వచ్చే పత్రికలో ఆ వార్త ఎక్కడో అడుగున, అరచేయంత జాగాలో ఉంది. వేసవి సెలవులు ముగిసి బడి తెరిచిన వారంలో, ఆటల పీరియడులో వాన పడుతుంటే పిల్లలను వరండాలో కూర్చోబెట్టి నా ఫోనులో ఆ జట్టు ఆట చూపించాను. తలమీద హెల్మెట్, ముఖమంతా కప్పేసే ఇనుప జాలీ, భుజాలకు, మోకాళ్లకు దిట్టమైన కవచాలు. ఏడో తరగతి చదివే ఒక లంబాడ పిల్ల, “మేడం, గా లోపల ఉన్నది ఆడపిల్లలేనా?” అని అడిగింది. నేను జవాబు చెప్పేలోపే పక్కనున్న పిల్ల తెర మీద వేలు పెట్టి, “చూడు, హెల్మెట్ కింద జడ ఉన్నది” అంది. ఆ తరువాత పది నిమిషాలు ఆ వరండాలో ఎవరూ మాట్లాడలేదు. పదహారేళ్లలో పిల్లలు ఒక ఆటను అంత నిశ్శబ్దంగా చూడడం నేనెన్నడూ ఎరగను.

ఆ పోటీ గురించి ఆ తరువాత నేను వెతికి తెలుసుకున్న ఒక విషయం మీ ముందు పెడుతున్నాను. అక్కడ స్వర్ణం గెలిచింది ఫిలిప్పీన్స్. అది ఏడాది పొడుగునా ఉక్కపోసే దీవుల దేశం, అక్కడ నీళ్లు తమంతట తాము గడ్డకట్టవు. పోటీ నిర్వహించిన అల్ ఐన్ ఎడారి నగరం. రజతం గెలిచిన ఇరాన్ జట్టు కథ మనకు ఇంకా దగ్గరిది. ఆ జట్టులో చాలామంది ముందు చక్రాల స్కేట్లపై ఇన్‌లైన్ హాకీ ఆడినవారు. టెహ్రాన్‌లో మంచు రింకు వచ్చాక, చక్రాలు విప్పి అంచుల స్కేట్లు కట్టుకుని మంచు మీదికి మారారు. చక్రాల మీద నేర్చిన ఒడుపు, మలుపు, కర్ర పట్టు, తోటి ఆటగత్తెకు బంతి అందించే చూపు మంచు మీద కూడా పనికివస్తాయని వారు ఆసియా పోటీల్లోనే నిరూపించారు. ఈ ఆట చలిదేశాలకే పరిమితమనే మాటకు ఇక ఏం బలం మిగిలిందో మీరే ఆలోచించండి.

ఆడవారి ఐస్ హాకీలో ప్రపంచ పోటీలు అంత పాతవీ కావు. మహిళల తొలి అధికారిక ప్రపంచ చాంపియన్‌షిప్ 1990 మార్చిలో కెనడాలోని ఒట్టావాలో జరిగినప్పుడు నేను రెండో తరగతి చదువుతున్నాను. ఎనిమిది దేశాలు ఆడిన ఆ పోటీలో కెనడా జట్టును గులాబీ రంగు చొక్కాలతో దింపారు. ఆడవాళ్ల ఆటను జనం కంటికి ఆనేలా చేయడానికి నిర్వాహకులకు తోచిన ఉపాయం అది. ఫైనల్‌లో ఆ గులాబీ చొక్కాలే అమెరికాను 5-2తో ఓడించాయి. ఒలింపిక్స్‌లో ఈ ఆట ఆడవారికి దక్కింది 1998 ఫిబ్రవరిలో, జపాన్‌లోని నగానోలో. అప్పుడు నేను పదో తరగతి పరీక్షలకు చదువుకుంటున్నాను. ప్రపంచ చాంపియన్‌షిప్ ఇప్పటిదాకా కెనడా, అమెరికాలను దాటి మరొకరి చేతికి పోలేదు. 2019లో ఎస్పూలో సొంత జనం ముందు ఫిన్లాండ్ ఫైనల్ చేరి, షూటౌట్ దాకా పోరాడి ఓడింది. ఈ ఏప్రిల్‌లో చెక్ దేశంలోని చెస్కే బుదెయోవిత్సెలో అమెరికా అదనపు సమయంలో కెనడాపై 4-3తో గెలిచింది. ఆ స్థాయికి మనం రేపే చేరుతామని నేను అనడం లేదు. ప్రపంచ పోటీలు మొదలై నలభై ఏళ్లు కూడా నిండని ఆటలో వెనకబడ్డామని దిగులుపడే అవసరం లేదని మాత్రమే అంటున్నాను.

మన జట్టు ఆ కాంస్యానికి ఎలా చేరిందో చూస్తే మరింత ధైర్యం వస్తుంది. జట్టులో ఎక్కువమంది లద్దాఖ్ ఆడపిల్లలు, హిమాచల్‌లోని స్పితి లోయ నుంచి వచ్చినవారు కొందరు. చాలాకాలం వారికి మంచంటే చలికాలంలో గడ్డకట్టే చెరువులే. ఏడాదికి ఇంచుమించు రెండు నెలలు ఆట, ఎండ ముదిరితే ఆట బంద్. అరువు తెచ్చుకున్న స్కేట్లతో, తమ కొలతకు సరిపోని కవచాలతో వారు ఆడారు. 2016లో తైపీలో జరిగిన ఆసియా చాలెంజ్ కప్‌తో తొలిసారి అంతర్జాతీయ బరిలో దిగారు, గెలుపు రాలేదు. 2017లో బ్యాంకాక్ వెళ్లడానికి జనం నుంచి చందాలు పోగుచేసుకోవలసి వచ్చింది. అక్కడ ఫిలిప్పీన్స్‌ను 4-3తో ఓడించి తొలి విజయం అందుకున్నారు. మధ్యలో ఎందరు మానేశారో, ఎందరిని ఇంట్లోవాళ్లు మాన్పించారో లెక్కలు మనకు అందవు. ఆడపిల్లలకు ఆట నేర్పే ప్రతి ఉపాధ్యాయినికి మాత్రం ఆ సంగతి తెలుసు.

ఇక మా సంగతి. మా ఊరి నుంచి హైదరాబాద్ వెళ్లి ఉద్యోగం చేసుకుంటున్న ఒకాయన, తన పిల్లలకు పొట్టివైపోయిన నాలుగు జతల ఇన్‌లైన్ స్కేట్లు జూలైలో మా బడికి ఇచ్చారు. స్కేట్లు నాలుగు జతలు, పిల్లలు పదకొండు మంది. పాదం చిన్నదైతే రెండు జతల సాక్సులు తొడిగి, మడమ దగ్గర పాతగుడ్డ దోపి వాడుకుంటున్నారు. మా బడి మైదానం ఎర్రమట్టి, అక్కడ చక్రం కదలదు. ఊళ్లోని సీసీ రోడ్డు గరుకు, పైగా ఆటోలు, ట్రాక్టర్లు. వెతగ్గా వెతగ్గా నేల దొరికింది మార్కెట్ యార్డులో, రేకుల షెడ్డు కింద ఉన్న సిమెంటు ప్లాట్‌ఫాం మీద. యాసంగి వడ్లు లారీలెక్కి పోయిన తరువాత అది ఖాళీగా ఉంటుంది. కాపలాదారు దయతలచి ఆదివారం పొద్దున ఆరు నుంచి ఎనిమిది దాకా గేటు తీస్తున్నాడు.

ఆ రెండు గంటల్లో మొదటి ఇరవై నిమిషాలు ఊడవడానికే పోతాయి. వడ్లు పోయి రెండు నెలలు దాటినా పగుళ్లలో గింజలు, తాలు మిగిలే ఉంటాయి. పిల్లలు వరుసగా వంగి, చీపుళ్లతో ఒక చివర నుంచి మరో చివరకు ఊడ్చుకొస్తారు. చక్రం కింద వడ్లగింజ పడితే చక్రం పక్కకు జారుతుంది, చిన్న రాయి పడితే చక్రం అక్కడికక్కడే ఆగిపోతుంది, పిల్ల మాత్రం ఆగదు. ఆగస్టులో ఒక పాప అలాగే ముందుకు పడి మోచేతులు రెండూ గీరుకుపోయాయి. నేను నీళ్లతో కడుగుతుంటే ఏడవలేదు. “గింజ కాదు మేడం, రాయి. నేనే సరిగ్గ ఊడ్వలే” అంది. కర్రలు వాళ్లే చేసుకున్నారు, కొసన వంపు తిరిగిన తుమ్మకొమ్మలను చెక్కి. ఐస్ హాకీలో బంతికి బదులు వాడే పక్ గట్టి రబ్బరు బిళ్ల. దాని అడ్డకొలత 7.62 సెంటీమీటర్లు, మందం 2.54 సెంటీమీటర్లు, బరువు 156 నుంచి 170 గ్రాముల లోపు. ఆ కొలత చెప్పగానే పిల్లలు పంక్చర్ షాపులో పాత ట్రాక్టర్ టైరు ముక్కను గుండ్రంగా కోయించుకొచ్చారు. సిమెంటు మీద అది కదలనే లేదు, నేలను పట్టుకుని నిలబడిపోయింది. మంచు మీద జారే రబ్బరు గచ్చు మీద జారదని, మంచు మీద కూడా అది ఎగిరిపడకుండా ఉండాలని ఆటకు ముందు ఫ్రీజర్లో గడ్డకట్టిస్తారని వివరించాను. మరుసటి ఆదివారానికి పెరుగు డబ్బా మూతలో ఇసుక నింపి, దాని మీద మరో మూత బోర్లించి, చుట్టూ టేపు వేసి తెచ్చారు. అది జారింది. ఇప్పుడు మా ఆట ఆ మూతతోనే సాగుతోంది.

అక్టోబర్ చివర వానాకాలం వడ్లు వస్తాయి. ప్లాట్‌ఫాం నిండా కుప్పలు, తార్పాలిన్లు, కాంటాలు, రాత్రంతా కాపలా పడుకునే రైతులు. వారి పంటకు కావలసిన నేల అది, అడ్డుపడే హక్కు మాకు లేదు, ఆ తలంపు కూడా లేదు. కొనుగోళ్లు ముగిసేసరికి జనవరి వస్తుంది. మార్చి దాటగానే యాసంగి వడ్లు రావడం మొదలవుతుంది. లద్దాఖ్ పిల్లలకు మంచు కరిగితే ఆట ఆగిపోయేది, మా పిల్లలకు వడ్లు వస్తే ఆగిపోతుంది. వారి ఇబ్బంది వాతావరణం తెచ్చినది. మాది ఒక నేల లేకపోవడం వల్ల వచ్చినది, మీరు తలచుకుంటే తీరేది.

ఈ మాట చెప్పుకోవడానికి ఆగస్టులో ఒక కార్యాలయానికి వెళ్లాను. అర్జీ చదివిన అధికారి మర్యాదగానే మాట్లాడారు. “మంచు ఆటలు మనకెందుకు మేడం, ఖోఖో ఆడించండి, మెడల్స్ వస్తయి” అన్నారు. ఖోఖో నా ప్రాణం. ఆ ఆటలో నా పిల్లలు రాష్ట్రస్థాయి దాకా వెళ్లారు. ఖోఖోను తక్కువ చేసి ఇంకొకటి అడగడం లేదు. కాని ఏ ఆట ఎవరిదో ముందే తేల్చేసి, నల్గొండ పిల్లలకు మట్టి ఆటలు, నగరం పిల్లలకు మిగతావి అని పంచిపెట్టే అలవాటు మాత్రం నాకు కష్టం కలిగించింది. ఆయన ఉద్దేశం మంచిదే కావచ్చు. ఆ అర్జీకి జవాబు మాత్రం ఇప్పటికీ రాలేదు. అందుకే ఈ లేఖను అందరూ చదివేలా రాస్తున్నాను.

మన దగ్గర ఇలాంటిది జరగదనే వారికి మన జిల్లాలోనే జవాబు ఉంది. 2014 మే 25న ఎవరెస్టు శిఖరం మీద నిలబడిన మాలావత్ పూర్ణకు అప్పుడు 13 ఏళ్ల 11 నెలలు. నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామంలోని గిరిజన కుటుంబం నుంచి వచ్చి సాంఘిక సంక్షేమ గురుకులంలో చదివిన పిల్ల. ఆమెతోపాటు ఖమ్మం జిల్లాకు చెందిన ఆనంద్ కుమార్ కూడా శిఖరం చేరాడు. తెలంగాణ రాష్ట్రం ఏర్పడడానికి అప్పటికి ఎనిమిది రోజులు మిగిలి ఉన్నాయి. వాళ్లు కొండలెక్కడం మొదట నేర్చుకున్నది మంచుకొండల్లో కాదు, భువనగిరి కోట ఉన్న ఏకశిల గుట్ట మీద. ఆ రోజుల్లో భువనగిరి మన నల్గొండ జిల్లాలోనే ఉండేది. ఎండకు కాలిపోయే ఆ బండ మీద పట్టు దొరికించుకున్నాక డార్జిలింగ్ వెళ్లారు, లద్దాఖ్ చలిలో శిక్షణ పొందారు, ఆ తరువాతే ఎవరెస్టు. ముందు దగ్గరలో ఉన్న రాయి, తరువాత దూరంలో ఉన్న మంచు. ఆ దారి వేసింది సాంఘిక సంక్షేమ గురుకులాలే, దానికి డబ్బు పెట్టింది ప్రభుత్వమే. నేను అడుగుతున్నది అదే దారి. గుట్ట దేవుడిచ్చాడు, నున్నటి నేల మాత్రం మనుషులే పోయాలి. స్కేటింగులోనూ మనకు మొదలు పడింది. లేహ్‌లో జరిగే ఖేలో ఇండియా శీతాకాల క్రీడల్లో హైదరాబాద్ అమ్మాయి తాళ్లూరి నయనశ్రీ ఐస్ స్కేటింగులో తెలంగాణ తరఫున స్వర్ణం గెలిచింది. మంచు లేని రాష్ట్రం నుంచి వెళ్లి మంచు మీద గెలిచిన అమ్మాయి మన కళ్లముందు ఉంది.

నల్గొండలో మంచు రింకు కట్టమని నేను అడగడం లేదని స్పష్టంగా చెప్పాలి. మన ఎండల్లో నేలను రాత్రింబగళ్లు గడ్డకట్టించి ఉంచడానికి అయ్యే కరెంటు, నిర్వహణ ఖర్చు ఒక జిల్లా మోయలేదు. డెహ్రాడూన్‌లో 2011 దక్షిణాసియా శీతాకాల క్రీడల కోసం కట్టిన మంచు రింకు ఆ తరువాత ఏళ్ల తరబడి మూతపడి, 2025లో గాని మళ్లీ వాడుకలోకి రాలేదు. కట్టడం కంటే నిలబెట్టుకోవడం కష్టమని ఆ కట్టడమే చెబుతోంది. కాంక్రీటు నేలకు ఆ బాధ లేదు. అంతర్జాతీయ మంచు రింకు కొలత ఇంచుమించు 60 మీటర్ల పొడుగు, 26 నుంచి 30 మీటర్ల వెడల్పు. చక్రాల హాకీకి అందులో సగం, మూడింట రెండు వంతులు ఉన్నా ఆట సాగుతుంది. యంత్రంతో నున్నగా తీసి, పగుళ్లు రాకుండా కీళ్లు సరిగ్గా వేసిన నేల అయితే చాలు. ఒక మూల పల్లం ఉంటే పక్ అక్కడికే పారుతుంది గనుక మట్టం చూసి పోయించాలి, ఈ ఒక్కటీ గుత్తేదారుకు వదిలేయవద్దు. పైన రేకుల కప్పు, గాలి ఆడేలా తెరిచిన పక్కలు. ఆ నేల మీద స్కేటింగు పందేలు, చక్రాల హాకీ రెండూ నడుస్తాయి. రాత్రి వెలుగు ఉంటే పగటి ఎండ తప్పించుకోవచ్చు.

తల్లిదండ్రుల భయం గురించి కూడా రాయాలి, ఎందుకంటే ప్రతి ఆదివారం దానికి జవాబు చెప్పేది నేనే. మొన్న తండా నుంచి ఒక తండ్రి వచ్చి, “పడితె చెయ్యి ఇరుగుతది మేడం, రేపు పెండ్లి జేసే పిల్ల” అన్నాడు. ఆయన కోపంగా అనలేదు, నిజంగా భయపడి అన్నాడు. మహిళల అంతర్జాతీయ ఐస్ హాకీలో మగవారి ఆటలోలాగా ఒంటితో గుద్ది పడగొట్టడానికి వీల్లేదని, ముఖం పూర్తిగా కప్పే తొడుగు తప్పనిసరి అని, కవచాలు సరైన కొలతలో ఉంటే గాయాలు చాలావరకు తప్పుతాయని చెప్పాను. ఆయన అన్నీ విని, “మరి గా కవచాలు ఏవి?” అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. నా పిల్లలకు ఉన్నవి రెండు జతల మోకాలి తొడుగులు, ఒక సైకిల్ హెల్మెట్. ఒక్కో కుటుంబం కొనుక్కోగల సామగ్రి కాదు ఇది, పిల్లల పాదం ఏడాదికి ఒక సైజు పెరుగుతుంది. అందుకే స్కేట్లు, హెల్మెట్లు, తొడుగులు వేర్వేరు కొలతల్లో జిల్లా కేంద్రంలో ఒకచోట ఉంచి, గ్రంథాలయంలో పుస్తకాలిచ్చినట్టు బడులకు ఇచ్చి తిరిగి తీసుకునే పద్ధతి పెట్టమని కోరుతున్నాను. శిక్షకురాలు మహిళ కావాలి. ఇది పట్టింపుతో అడిగే మాట కాదు. ఎనిమిదో తరగతి దాటిన ఆడపిల్లను పంపాలా వద్దా అని ఇంట్లో తేల్చేటప్పుడు మొదట అడిగే ప్రశ్న, నేర్పేది ఎవరన్నదే.

రాష్ట్ర ప్రభుత్వం ఈ ఆగస్టులోనే కొత్త క్రీడా విధానం ప్రకటించింది. ప్రకటన హైదరాబాద్‌లో జరిగినా దాని ఫలం దేవరకొండ, మిర్యాలగూడ, అచ్చంపేట, నాగర్‌కర్నూల్ పిల్లలకు కూడా అందాలని కోరుకోవడం అత్యాశ కాదనుకుంటాను. తాగునీటిలో ఫ్లోరైడ్‌తో తరాల తరబడి ఎముకలు వంగిపోయిన జిల్లా ఇది. మర్రిగూడ, నాంపల్లి వైపు ఊళ్లలో నడుము నిలబడని పెద్దవాళ్లను చూస్తూ పెరిగిన పిల్లలు నా దగ్గర ఆడుతున్నారు. ఆ పిల్లలు చక్రాల మీద ఒంటికాలిపై మలుపు తిరుగుతుంటే, గట్టున కూర్చుని చూసే ముసలివాళ్ల ముఖాలు నేను చూశాను. ఈ లేఖలో ఆ సంగతి కూడా ఉండాలనిపించింది.

కొత్త నేల వచ్చేసరికి సమయం పడుతుందని తెలుసు. అప్పటిదాకా, పంట లేని నెలల్లో మార్కెట్ యార్డు ప్లాట్‌ఫాంలను ఉదయం పూట ఆటకు వాడుకోవచ్చని మార్కెటింగ్ శాఖతో మాట్లాడి ఒక లిఖిత అనుమతి ఇప్పించండి. ఇప్పుడు మేము ఆడుతున్నది కాపలాదారు మంచితనం మీద. ఆయన బదిలీ అయితే మా ఆట అయిపోయినట్టే. వచ్చే జనవరిలో లేహ్‌లోనో కాజాలోనో జరిగే ఏదైనా శిక్షణ శిబిరానికి ఈ జిల్లా నుంచి కనీసం ఇద్దరు పిల్లలను, తోడుగా ఒక ఉపాధ్యాయినిని పంపే అవకాశం చూడండి. లేహ్ ఇంచుమించు 3,500 మీటర్ల ఎత్తున ఉంది, అక్కడి గాలికి అలవాటు పడడానికే కొన్ని రోజులు పడుతుంది. కాబట్టి ఎంపిక ముందుగా, డిసెంబర్‌కు మునుపే జరగాలి.

వడ్లు రావడానికి ఇంకా ఆరు వారాలు ఉన్నాయి. అంటే ఆరు ఆదివారాలు. వాటిలో ఏదో ఒక ఆదివారం పొద్దున ఆరున్నరకు మీలో ఎవరైనా ఒకరు మా యార్డుకు రావాలని మనవి. ముందు కబురు అవసరం లేదు, అప్పటికి పిల్లలు నేల ఊడ్చి ఉంటారు.

ఇట్లు,
ఒక వ్యాయామ ఉపాధ్యాయిని,
దేవరకొండ ప్రాంతం, నల్గొండ జిల్లా.
సెప్టెంబర్ 2025